మా ఇంటికి ఏ లినక్స్?

మా ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్ హైదరాబాద్‌లో ఉండే పెద్దమ్మ కొడుకు వాడి వాడి ఇచ్చేసింది. నాలుగు జీబీ ర్యామ్, పాత హార్డ్‌డిస్క్. అందులోని విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 పెట్టుకుందామంటే టీపీఎం 2.0 అనేది కావాలట, ఇందులో లేదు. "కొత్తది కొనుక్కోండి" అన్నాడు దుకాణం ఆయన. బాపు ఏమీ అనలేదు, ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకొని బయటికి నడిచాడు. అట్లా మా ఇంట్లో లినక్స్ మాట మొదలైంది.

లినక్స్ అంటే ఒక్కటి కాదు. 1991లో ఫిన్లాండ్‌లో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ రాసింది లోపలి భాగం మాత్రమే, దాన్ని కెర్నల్ అంటారు. దాని చుట్టూ మెనూలు, ప్రోగ్రాములు చేర్చి ఒక్కొక్కరు ఒక్కో రకంగా ఇచ్చేదే డిస్ట్రో. అవి వందల్లో ఉన్నాయి. కొత్తవాళ్లకు సలహా చెప్పేవాళ్లు "మంచివి పది" అని పట్టీ ఇస్తారు. నా ఫిర్యాదు ఆ పట్టీల మీదే. నేను చదివినవాటిలో వేగం ఉంది, అందం ఉంది, ఆటలు ఆడొచ్చా లేదా అన్నది కూడా ఉంది. తెలుగు సరిగా కనిపిస్తుందా, తెలుగు రాయొచ్చా అని మాత్రం ఒక్కటీ అడగలేదు. నాందేడ్‌లో ఉండి తెలుగు మీడియంలో చదివేదాన్ని, నేను మొదట అడగాల్సింది అదే కదా!

అన్న ఉబుంటు పెట్టుకోమన్నాడు. 2004 నుంచి ఉంది, ఏ చిక్కు వచ్చినా ఎవరో ఒకరు ముందే జవాబు రాసి పెట్టి ఉంటారు. అది దాని అసలు బలం. కానీ 24.04కి కనీసం నాలుగు జీబీ ర్యామ్ ఉండాలని వాళ్లే చెప్తారు. మాది సరిగ్గా నాలుగే. సీడాక్ వాళ్ల బాస్ లినక్స్ మన దేశ భాషలను కూడా దృష్టిలో పెట్టుకొని తయారైంది, హైదరాబాద్ స్వేచ్ఛ వాళ్లయితే తెలుగు కోసమే ఒకటి చేశారు. ఆ ఉద్దేశం నాకు నచ్చింది. అయినా కొత్తవాళ్లకు ఉద్దేశం కన్నా, ఆగిపోయినప్పుడు అడగడానికి మనుషులు ఎక్కువ కావాలి.

చివరికి లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం తీసుకున్నాను. రెండు జీబీ ఉన్నా నడుస్తుంది. కింద పట్టీ, ఎడమ మూలన మెనూ, అంతా అలవాటైన చోటే ఉంటుంది. అయితే నా మాట కూడా నమ్మకండి. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, ఏదీ చెరపకుండా అక్కడి నుంచే నడిపి చూడొచ్చు. నేను మూడింటిని అట్లనే చూశాను. ఒకదాంట్లో వైఫై రాలేదు. పేరు చెప్పను, తప్పు మా పాత వైఫై కార్డుది కూడా కావచ్చు.

తెలుగు మెనూల గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి. ఫైలుకు "దస్త్రం" అని, సెట్టింగ్స్‌కు "అమరికలు" అని ఉంటే నాకు నవ్వొచ్చింది. మరాఠీలో దప్తర్ అంటే బడి సంచి కదా. ఇట్లాంటి అనువాదం ఎవరికోసం అనుకున్నాను. అమ్మ నవ్వలేదు. "దస్త్రం అంటే కాయితాల కట్ట బిడ్డా, మీ తాత పట్వారీ కాడ చూసేటోడు" అన్నది. అమ్మ ఏడో తరగతి దాకా తెలుగులోనే చదివింది. ఇంగ్లీషు మెనూ ఉన్నన్ని రోజులు ల్యాప్‌టాప్‌ను తుడవడమే తప్ప ముట్టింది లేదు. ఆ రోజు నుంచి కుట్టు లెక్కలు తనే రాసుకుంటోంది. కాబట్టి అనువాదం మీద నా మొదటి విమర్శ వెనక్కి తీసుకుంటున్నాను. రెండోది మాత్రం అట్లనే ఉంది: నేను చూసిన మూడింటిలోనూ తెలుగు సగమే. ఒకే మెనూలో పైన తెలుగు, కింద ఇంగ్లీషు. అనువదించేవాళ్లు ఎక్కువగా జీతం లేకుండా చేసేవాళ్లే, మనలో ఎవరైనా చేరొచ్చట.

టైపింగ్‌కు ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకున్నాను. మొదటి వారం చేతులు ఏడ్చాయి. కానీ అందులో తెలుగు 'క', మరాఠీ 'క' ఒకే మీట మీద ఉంటాయి, మిగతా అక్షరాలూ దాదాపు అంతే. తెలుగు నేర్చుకుంటే మరాఠీ వ్యాసం కూడా టైపు చేయొచ్చని నాకెవరూ ముందు చెప్పలేదు!

యూనికోడ్ కాని పాత ఫాంట్లలో చేసిన ఫైళ్లు మాత్రం ఇందులో పిచ్చి గీతల్లాగా వస్తున్నాయి. ఆ ఫాంట్లు లేకపోతే విండోస్‌లోనూ అంతేనట. ప్రింటరు కూడా ఇంకా దారికి రాలేదు. అందుకే ఈ వ్యాసాన్ని పెన్‌డ్రైవ్‌లో పెట్టి సార్‌కి ఇచ్చాను.