మారని మాటల లెక్క

మల్యాల నుంచి జగిత్యాల, ధర్మపురి మీదుగా గోదావరి దాటి పైకి పోతే, ఉట్నూరు, ఇంద్రవెల్లి దిక్కు గోండీ, కొలామీ వినిపిస్తాయి. రెండూ తెలుగుకు చుట్టాలే. ఏది దగ్గరి చుట్టం?

మల్యాలలో ‘రెండు’ అన్నదాన్ని గోండులు ‘రండ్’ అంటారు. కొలాములు వస్తువులు లెక్కపెట్టేటప్పుడు ‘ఇందింగ్’ అంటారు. తమిళంలో ‘ఇరండు’, కన్నడంలో ‘ఎరడు’. మూలద్రావిడంలో ర, ల అక్షరాలతో మాట మొదలయ్యేది కాదు. తెలుగు, గోండీ, కొండ, కుయి, కువి, పెంగో, మండ భాషల్లో మాత్రం లోపలి హల్లు ముందుకు జరిగింది. తమిళ ‘ఉరల్’ మనకు రోలు అయింది అలాగే. కొలామీ తెలుగు మాటలు ఎన్ని అరువు తెచ్చుకున్నా మధ్యద్రావిడ శాఖదే. తెలుగుకు గోండీ, కుయిలతోనే అసలు బంధుత్వమని భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి 1961 నాటి ‘తెలుగు వెర్బల్ బేసెస్’లోనే వాదించారు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం 1983లో లింకన్ మోజెస్, డగ్లస్ డాన్‌ఫోర్త్‌లతో కలిసి ఆయన ‘లాంగ్వేజ్’ పత్రికలో రాసిన వ్యాసం. తెలుగును పక్కన పెడితే మిగిలే ఆరు భాషల్లో ఎవరికెవరు దగ్గర? హల్లు జరగడం అన్ని మాటల్లోనూ పూర్తికాలేదు. ఒక భాషలో మారిన మాట ఇంకో భాషలో పాత రూపంలోనే నిలిచింది. ఇటువంటి సగం మార్పును చిక్కుగా భావించి వదిలేసేవాళ్లే ఎక్కువ. ఈయన దాన్నే ఆధారం చేసుకున్నారు. పనికొచ్చే 63 మాటలు ఏరారు. ఆరు భాషలను జంటలుగా చీలుస్తూ పోతే 945 వంశవృక్షాలు సాధ్యం. ఒక్కో వృక్షం నిజమైతే మార్పు విడివిడిగా ఎన్నిసార్లు జరిగి ఉండాలో లెక్కగట్టారు. అతి తక్కువసార్లతో సరిపెట్టిన వృక్షమే మేలు. మారని మాటలు ఇక్కడ సాక్షులయ్యాయి. అలా తేలిన ఫలితం పాత తులనాత్మక పద్ధతి చెప్పినదానితో సరిపోయింది. ఇంత నిక్కచ్చి పని మన భాషా కుటుంబం మీద జరగడం నాకు గర్వంగా ఉంది.

కొలామీ దగ్గర ఎదురైన చిక్కు మన భాషలకే పరిమితం కాదు. బోర్నియో ద్వీపంలోని సబాలో కడజాన్, రుంగుస్ వంటి దుసునిక్ భాషలను వర్గీకరించేవాళ్ల ముందున్న ప్రశ్న కూడా ఇదే: పోలిక పుట్టుకతో వచ్చిందా, పొరుగు వల్ల అబ్బిందా? ఎక్కడైనా దానికి జవాబు వెతికే ముందు ప్రతి భాషనూ మాట్లాడేవాళ్ల నోట విని రాసుకోవాలి. 1983 వ్యాసంలోని ఆరు భాషల్లో ఒకటైన కొండ భాషకు 1969లో వ్యాకరణం వెలువరించింది కృష్ణమూర్తే.