తెప్పకో బడి కావాలి

ఏటా ఏప్రిల్ 15 రాగానే విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మరపడవల ఇంజన్లు ఆగిపోతాయి. చేపలు గుడ్లు పెట్టే కాలమని జూన్ 14 దాకా, మొత్తం 61 రోజులు, తూర్పు తీరమంతటా వేట నిషేధం. ఇంజన్ పెట్టని తెప్పకు మాత్రం ఆ నిషేధం లేదు. సముద్రానికి దానివల్ల చేటు లేదని ప్రభుత్వమే ఒప్పుకున్న నావ అది. దాన్ని కట్టే చేతులు, నడిపే చేతులు మన ఊళ్ళో మన కళ్ళముందే తగ్గిపోతున్నాయి. ఈ వారం ఆ దిగులే రాస్తున్నాను.

తెప్పంటే నాలుగు దుంగల కట్ట అనుకునేవాళ్ళున్నారు. తేలికైన, మెత్తని కర్ర ఎంచుకుని, ఒక్కో దుంగనూ వంపు వచ్చేలా చెక్కి, అలను చీల్చుకుని లేచేలా ముక్కు తీర్చి, తాళ్ళతో బిగించి కట్టాలి. కర్ర నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది కాబట్టి ఒడ్డుకొచ్చాక కట్లు విప్పి ఆరబెట్టాలి. తెప్పకు పొట్ట లేదు, నీళ్ళు నిండే చోటే లేదు. మీద విరుచుకుపడ్డ కెరటం దుంగల సందుల్లోంచి దిగిపోతుంది. బోల్తా పడినా మునగదు, తిప్పుకుని మళ్ళీ ఎక్కడమే. అడ్డూ ఆపూ లేకుండా కెరటాలు విరిగే మన ఒడ్డుకు ఇంతకంటే తగిన నావ మరొకటి లేదని నా నమ్మకం.

శ్రీలంకలో, నికోబార్ దీవుల్లో, చాలా పసిఫిక్ దీవుల్లో మరో పద్ధతి ఉంది. సన్నగా తొలిచిన పడవకు పక్కన కాస్త ఎడంగా ఒక తేలే దుంగను కర్రలతో కడతారు. పడవ ఒరిగిపోకుండా అది ఆపుతుంది. మన తెప్పకు ఆ పక్కదుంగ అక్కర్లేదు, దాని వెడల్పే దాని నిలకడ. మద్రాసు మత్స్యశాఖలో పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1920లో భారతీయ పడవల నిర్మాణం మీద పెద్ద వ్యాసమే రాశాడు. అంతకు ఎంతో ముందు, దాదాపు రెండు వేల ఏళ్ళ నాటి గ్రీకు గ్రంథం ‘పెరిప్లస్’ కూడా మన తూర్పు తీరంలో దుంగలు జతచేసి కట్టిన నావల ప్రస్తావన చేసింది.

నేను తెడ్డు పట్టింది బాగా పెద్దయ్యాకే. పెదజాలరిపేటలో ఒక తాత నేర్పాడు. మొదట నన్ను తెప్ప ఎక్కనివ్వలేదు. ఒడ్డున కూర్చోబెట్టి కెరటాలు చూడమన్నాడు. పెద్ద కెరటాలు వరసగా కొన్ని వస్తాయి, తర్వాత కాసేపు సముద్రం సద్దుమణుగుతుంది. ఆ సందు చూసి తొయ్యాలి. ఆ సందు కంటికి ఆనడానికే నాకు చాలాకాలం పట్టింది. ఎక్కాక ఆయన చెప్పింది ఒక్కటే మాట: “నీ తెడ్డు సూసుకోకు బాబూ, ముందున్నోడి వీపు సూడు. ఆడు వొంగితే వొంగు, ఆడు లేస్తే లెగు.” ఆ విద్యలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది అదే. తెప్ప మీద ఎవడి బలమూ వాడిదిగా ఉండదు. ఒకడు తొందరపడితే ముక్కు పక్కకు తిరుగుతుంది, తిరిగిన ముక్కును కెరటం క్షమించదు.

లోపలికి వెళ్ళాక ఆయన చూపు ఒడ్డు మీదే ఉండేది. యారాడ కొండ ఎక్కడుంది, కైలాసగిరి వెనక ఏ కొండ తేలింది, సింహాచలం కొండ ఎటు జరిగింది, వాటిని బట్టే తామెక్కడున్నదీ, కింద రాయి ఉందో ఇసక ఉందో చెప్పేసేవాడు.

పంపకంలోనూ ఒక నీతి ఉంది. పడవకో వాటా, వలకో వాటా, మనిషికో వాటా. పెద్ద వల లాగేటప్పుడు తాడు పట్టిన ముసలివాళ్ళకూ పిల్లలకూ గుప్పెడు చేపలైనా అందాలి. సంఘం అనే మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఈ నగరం మత్స్యకారులకు బాకీ ఉంది. 1933లో ఓడరేవు తెరిచేదాకా ఓడలు దూరంగా లంగరు వేసేవి. సరుకునూ మనుషులనూ కెరటాలు దాటించి ఒడ్డుకు చేర్చినవి కొబ్బరితాడుతో కుట్టిన మసూలా పడవలు, వాటి మీద తెడ్డు వేసిన మత్స్యకారులు. 1948లో నెహ్రూ ‘జల ఉష’ను నీళ్ళలోకి దింపాడని పాఠాల్లో చదువుకున్నాం, మంచిదే. కానీ ఆ ఓడకు ముందున్న నావికుల పేర్లు ఏ పాఠంలోనూ లేవు. తర్వాత గంగవరం ఓడరేవు కోసం గంగవరం, దిబ్బపాలెం మత్స్యకారులు తమ ఒడ్డునే వదులుకోవలసి వచ్చింది.

హవాయి దీవుల కథ మనకు పనికొస్తుంది. 1908లో హోనొలులులో వైకీకీ ఒడ్డున ఔట్‌రిగర్ కనూ క్లబ్ పెట్టారు. కెరటాల మీద స్వారీ, పక్కదుంగ పడవ నడపడం అంతరించిపోకూడదన్నదే దాని ఆశయం. ఆశయం మంచిదే, కానీ పెట్టినవాళ్ళు ఎక్కువగా బయటి నుంచి వచ్చి స్థిరపడ్డ తెల్లవాళ్ళు. అందుకని అక్కడి మూలవాసులు తమ సొంత సంఘం ‘హుయి నలు’ను 1911లో లాంఛనంగా నెలకొల్పుకున్నారు. అందులోని డ్యూక్ కహనమోకు మరుసటి ఏడాది స్టాక్‌హోం ఒలింపిక్స్‌లో ఈతలో స్వర్ణం గెలిచాడు. 1976లో ‘హోకులెయా’ అనే జంట పడవ దిక్సూచి లేకుండా, నక్షత్రాలనూ అలలనూ నమ్ముకుని హవాయి నుంచి తాహితి చేరింది. దారి చూపింది మైక్రొనీషియాలోని చిన్న దీవి సతవాల్ నుంచి వచ్చిన మావు పియైలుగ్. ఆ విద్య తెలిసిన మనిషిని వెతికి పట్టుకుని గురుస్థానంలో కూర్చోబెట్టారు కాబట్టే ఆ ప్రయాణం సాగింది.

మన దేశంలోనూ కదలిక లేకపోలేదు. అజంతా చిత్రంలోని ఓడ ఆధారంగా పాతపద్ధతిలో తాళ్ళతో కుట్టిన ‘కౌండిన్య’ నౌకను 2025 మేలో నౌకాదళం చేర్చుకుంది. కుట్టింది కేరళ పనివాళ్ళు. తూర్పు నౌకాదళం కొలువున్న విశాఖలో, కుట్టుపడవలు తరతరాలుగా ఎరిగిన ఒడ్డున, మనం మాత్రం ఎందుకు వెనకబడాలి?

అందుకే అడుగుతున్నాను, విశాఖకు ఒక తెప్పల సంఘం కావాలి. దాని పెద్దలు జాలరి, వాడబలిజ మత్స్యకార కుటుంబాల వాళ్ళే కావాలి, మనం శిష్యులుగా చేరాలి. తెప్ప కట్టడం తెలిసిన వృద్ధులకు గౌరవంతో పాటు నెలనెలా జీతం అందాలి. మొదటి చోటు మత్స్యకారుల పిల్లలకు, ఆడపిల్లలతో సహా. తర్వాత నగరంలోని ఏ పిల్లలకైనా. ఈతా లైఫ్ జాకెట్టూ లేకుండా ఎవరూ నీళ్ళలోకి దిగకూడదు. కొత్తవాళ్ళు భీమిలిలో గోస్తనీ సాగరసంగమం దగ్గర నెమ్మది నీళ్ళలో నేర్చుకుని, ఆ తర్వాతే కెరటాల వైపు రావాలి. తెప్పకు పనికొచ్చే తేలికపాటి కర్ర చెట్లు పెంచాలి. అన్నిటికన్నా ముందు, సుందరీకరణ పేరుతో తెప్పలు లాగి ఆరబెట్టుకునే ఇసకను లాక్కోకూడదు.

బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామిని 2002 నుంచి మ్యూజియంగా చూపిస్తున్నాం. దాని పని అయిపోయింది కనుక ఒడ్డెక్కించాం. తెప్ప పని అయిపోలేదు, దాన్ని అద్దాల వెనక పెట్టే రోజు రానివ్వకూడదు. నగరపాలక సంస్థ, ఓడరేవు, ఉక్కు కర్మాగారం, నౌకాదళం తలా కాస్త చెయ్యి వేస్తే దీనికయ్యే ఖర్చు ఎవరికీ భారం కాదు. నేర్పగలిగిన తరం ఇంకా మన మధ్య ఉంది. వాళ్ళుండగానే మొదలుపెట్టాలి.