బల్లకట్టు కిష్టయ్య సాక్ష్యం

ఊరి పరువు అన్న మాట మన గోదావరి జిల్లాల్లో ఎక్కువగా వినిపించేది ఎవరో ఒకరి నోరు మూయించాల్సి వచ్చినప్పుడే. తగాదా కోర్టుకెక్కితే పరువు పోతుందంటారు, ఆడపిల్ల పోలీసు స్టేషన్ మెట్లెక్కితే పరువు పోతుందంటారు. ఆ పరువు ఎవరిది, దాని ఖర్చు ఎవరి నెత్తిన పడుతోంది అని నిలదీసిన సినిమాలు రెండున్నాయి. ఒకటి మసాకీ కొబయాషి 1962లో తీసిన జపాన్ సినిమా ‘హరాకిరి’. రెండోది మన పులిదిండిలో తీసిన ‘సాక్షి’, 1967లో వచ్చిన బాపు గారి తొలి చిత్రం. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలేది ఒకటే. ఇంటికైనా ఊరికైనా పరువుందో లేదో, నిజం చెప్పినవాణ్ణి అది ఏం చేసిందో చూస్తే తెలిసిపోతుంది.

‘హరాకిరి’ కథ 1630 నాటిది. సంస్థానాలు రద్దయి, కొలువులు పోయి, సమురాయ్‌లు పస్తులుంటున్న కాలం. మోటొమె అనే కుర్రవాడు ఇయీ వారి దివాణానికొచ్చి, మీ వాకిట్లో గౌరవంగా ప్రాణం తీసుకోనివ్వండని అడుగుతాడు. అలా అడిగినవాళ్లకు నాలుగు డబ్బులిచ్చి పంపేస్తున్నారని విన్నాడు, అదీ ఆశ. దివాణం వాళ్లు మాత్రం, అన్న మాట నిలబెట్టుకోవలసిందేనని పట్టుబడతారు. అతని ఒరలో ఉన్నది వెదురు కత్తి. భార్యాబిడ్డల కోసం అసలు కత్తులు ఎప్పుడో అమ్ముకున్నాడు. ఆ వెదురు బద్దతోనే పొడుచుకోమంటారు. అది దిగదు. నేలకు ఆనించి ఒంటి బరువంతా దానిమీద వేస్తాడు, ఆఖరికి నాలుక కొరుక్కుంటాడు. తర్వాత అతని మామ హన్‌షిరో అదే వాకిట్లో కూర్చుని జరిగినదంతా పూసగుచ్చినట్టు చెబుతాడు. ఆ చెప్పిన మాటలేవీ దివాణం దస్త్రంలో ఉండవు. ఆ తర్వాత జరిగిన పోరులో హన్‌షిరో కత్తికి బలైనవాళ్లు జబ్బుచేసి పోయారని రాసుకుంటారు, విరిగిపడ్డ పూర్వీకుల కవచాన్ని మళ్లీ నిలబెట్టుకుంటారు.

‘సాక్షి’లో కిష్టయ్య బల్లకట్టు నడుపుకునే మనిషి. ఫకీరు అనేవాడు చేసిన హత్య కళ్లారా చూసి, కోర్టులో ఉన్నదున్నట్టు చెబుతాడు. ఫకీరు జైలు తప్పించుకుని తన కోసం వస్తున్నాడని తెలిశాక సాయమడిగితే, ఊరు తలుపులు వేసుకుంటుంది. ఇది 1952 నాటి హాలీవుడ్ సినిమా ‘హై నూన్’ ఛాయలో అల్లిన కథేగా, మనదెలా అవుతుందని అడిగేవారున్నారు. ఛాయ ఉన్నమాట నిజమే. అయితే ఆ సినిమా హీరో తుపాకీ పట్టిన అధికారి, దొంగల్ని ఎదుర్కోవడం అతని ఉద్యోగం. ‘సాక్షి’ రాసిన ముళ్లపూడి వెంకటరమణ గారు కథానాయకుడి చేతిలోంచి తుపాకీ తీసేశారు. కిష్టయ్యకు ఉన్నదల్లా తను చెప్పిన మాట. పైగా అతన్ని ప్రేమించిన చుక్క ఎవరో కాదు, ఆ ఫకీరు చెల్లెలే. తోడబుట్టినవాడి వైపు నిలబడాలన్న ఇంటి కట్టుబాటును ఆ పిల్ల కాదనుకుంటుంది. ధైర్యం గురించిన కథ ఇక్కడికొచ్చేసరికి సాక్ష్యం గురించిన కథ అయింది. బాపు గారు స్టూడియో సెట్లు వేయకుండా ఊళ్లోనే తీశారు గనుక, ఆ వీధులు చూస్తున్నప్పుడు మన ఊరు కాదులే అని తప్పించుకోలేం.

పిల్లలు గలవాళ్లు భయపడితే తప్పా అని ఇంకొందరు అంటారు. తప్పు కాదు. కొబయాషి కూడా భయపడేవాళ్ల మీద కోపంతో తీయలేదు. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యంలోకి లాక్కుపోతే, పైహోదా వద్దని మామూలు సిపాయిగానే ఉండిపోయిన మనిషి ఆయన. పైవాడి ఆజ్ఞకు గౌరవమని పేరు పెడితే ఏమవుతుందో లోపలినుంచి చూశాడు. భయాన్ని భయమని ఒప్పుకున్నవాడు రేపైనా తలుపు తీస్తాడు. దానికి పరువని పేరు పెట్టుకున్నవాడు తీయడు, తీసినవాణ్ణి వెలివేస్తాడు. సంప్రదాయమంటే గిట్టనివాళ్ల మాటలివి అనడమూ కుదరదు. నరసాపురం బాపు గారు, ధవళేశ్వరం రమణ గారు ఆ తర్వాత కొన్నేళ్లకే ‘సంపూర్ణ రామాయణం’ తీసినవాళ్లు.

ఇప్పుడు చట్టం ఉందిగా అనే మాట మిగిలింది. సాక్షుల రక్షణ పథకాన్ని 2018లో సుప్రీంకోర్టు ఆమోదించింది, రావలసిన మేలే. కానీ దాని ప్రకారం ఇచ్చే రక్షణ ఒక్కో విడతకు మూడు నెలలు మించదు. కాపలా కానిస్టేబుల్ వెళ్లిపోయాక సాక్షి అదే వీధిలో కాపురం ఉండాలి, అదే కొట్లో సరుకులు తెచ్చుకోవాలి, వరి కోతలకు అదే ఊళ్లో కూలీలను పిలుచుకోవాలి. ఆ పిలుపుకు ఎవరొస్తారన్నది ఏ కోర్టూ ఉత్తర్వులో రాయలేదు, ఊరే తేల్చుకోవాలి.