బూజు చేసిన మేలు

గతవారము ఒక పెండ్లి భోజనమున నా ప్రక్కన కూర్చుండిన పెద్దమనిషి, జేబులోనుండి కొలెస్టరాల్ మాత్రయు, రక్తపుపోటు మాత్రయు తీసి మ్రింగి, వడ్డించు కుఱ్ఱవానిని కేకవేసి, "మాత్రలు వేసుకున్నానుగా, ఇంకేం భయం? ఆవకాయ ఇంకాస్త వెయ్యి నాయనా!" అనుట విని నాకు కలిగిన కోపము మజ్జిగ వచ్చువరకును చల్లారలేదు.

ఉప్పు విషయమున నా పట్టుదల ఈ శీర్షికను చదువువారికి క్రొత్తది కాదు. దినమునకు 5 గ్రాములు, అనగా ఒక చిన్నచెంచాడు, మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచుండగా, పప్పులో ఉప్పు, పులుసులో ఉప్పు, పైన అప్పడము, ఊరమిరపకాయ, ఊరగాయ, కడపట పెరుగన్నములో మరల చిటికెడు! వంటింట జరుగవలసిన పనిని మందుల దుకాణమున కప్పగింపరాదనునది నా చిరకాల విశ్వాసము.

అయినను ఆవకాయ పేరు చెప్పినంతనే నా మనస్సు మా అమ్మమ్మగారింటి వేసవి పగళ్ళకు పరుగిడును. కల్లుప్పు ఎండబెట్టి రోట దంచుట, కాయలను టెంకతో కొట్టించి ముక్కముక్కను పొడిగుడ్డతో తుడుచుట, ఆవపిండియు కారమును ఉప్పును కలిపిన పిండిలో నూనె ముక్కలను దొరలించి జాడీకెత్తి వాసెన గట్టుట, మూడవనాడు తిరుగగలిపి పైన నూనె తేలినదో లేదో చూచుట, ఇవన్నియు ఆమె వ్రతమువలె జరిపెడిది. తడిచేతితో జాడీ దరికి పోయిన పిల్లవానికి ఆనాడు దెబ్బలు తప్పెడివి కావు. ఉప్పు తగ్గిన బూజు పట్టునని ఆమె భయము. అది న్యాయమైన భయమే. ఏడాది పొడుగున ఆ ముక్కను కాపాడవలసినది ఉప్పును నూనెయునే గదా! కాని ఆమె వడ్డించునది ఒక్క ముక్క. ఆ ముక్కతోనే ముద్దపప్పును అన్నమును ముగియవలెను.

ఆమె అంతగా వెఱచిన ఆ బూజులోనే గుండెకు మందు దొరకినదన్న ఆమె నమ్మియుండెడిది కాదు. జపానుదేశమున అకిటా ప్రాంతపు రైతుకుటుంబమున పుట్టి, చిన్ననాటినుండియు పుట్టగొడుగులపై మక్కువ పెంచుకొనిన అకిరా ఎండో అను శాస్త్రజ్ఞుడు, కాలేయమున కొలెస్టరాల్ తయారగుటను అడ్డగించు పదార్థమేదైన శిలీంధ్రములలో ఉండకపోదని తలచి, దాదాపు 6,000 రకములను పరీక్షించి, క్యోటో నగరపు ధాన్యపు దుకాణమునుండి వచ్చిన బియ్యమునందలి బూజులో 1973లో దానిని పట్టెను. నేటి స్టాటిన్ మాత్రలన్నియు ఆ త్రోవన వచ్చినవే.

రక్తములోని కొలెస్టరాలులో అధికభాగము మనము తినునది కాదు, కాలేయము చేయునది. కావున నేయి ముట్టని ఇంట పుట్టినవానికిని వంశానుగతముగ అది మితిమీరి పేరుకొనవచ్చును. 1978లో ఒసాకాలో ఎండో మందును తొలుత పుచ్చుకొన్నది అట్టి దోషముతో పుట్టిన 18 ఏండ్ల యువతియే. ఆమెకు ఏ పథ్యము చాలును? ఇచ్చట వంటిల్లు మందుకు దారి విడువవలసినదే.

అట్లు చూచిన, ఆ పెద్దమనిషి చేసిన మొదటి పనిని తప్పుపట్టుటకు నాకు నోరాడుట లేదు. రెండవదానిపై కోపము మాత్రము తగ్గలేదు: కొలెస్టరాల్ మాత్ర ఉప్పు జోలికి పోదు, ఉప్పు హెచ్చిన కొలది పోటు మాత్ర బలము సన్నగిల్లును. పోటు అదుపునకు వచ్చినదని మాత్ర మానివేయువారిని చూచిన నాకు ఇంకను భయము. అది అదుపున నున్నది ఆ మాత్రవలననే గదా.

ఇక ఇరుగుపొరుగు మాట విని దినము ఆస్పిరిన్ మ్రింగువారు కొందరు కలరు. ఆస్ట్రేలియా, అమెరికాలలో ఆరోగ్యవంతులైన 19,000 మందికి పైబడిన వృద్ధులపై జరిగి 2018లో వెలువడిన పరిశోధనలో, దానివలన గుండెకు చెప్పదగిన మేలు కానరాలేదు సరికదా, రక్తస్రావము హెచ్చినది. అయితే గుండెపోటు వచ్చినవారును, స్టెంటు పడినవారును ఇది చదివి తమంతట తాము ఆస్పిరిన్ మానరాదు. వారి లెక్క వేరు, దానిని వారి వైద్యుడే చూడవలెను.