జిల్లా పేజీలో మన చోటు

బెంజ్ సర్కిల్ టీ కొట్టు దగ్గర పొద్దున్నే పేపరు తిరగేస్తాం. 1989లో ఈనాడు జిల్లా సంచికలు తెచ్చాక ఊరి వార్తకు చోటు దొరికింది, అది చిన్న మేలు కాదు. కానీ కార్పొరేషన్ సమావేశమంటే ఎవరు ఎవరిని తిట్టారో రాస్తారు, ఏ వార్డుకు ఎంత ఖర్చుపెట్టారో అరుదు. ఆగస్టు 9న థింసా ఫొటో వేస్తారు. 10న మనం కనబడం. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు విలేకరులు నీళ్లలోకి దిగి రాశారు, ఒప్పుకోవాలి. మామూలు రోజుల్లో మాత్రం యానాది, ఎరుకల, సుగాలి అందరూ ‘గిరిజనులు’ అనే ఒక్క మాటలో కలిసిపోతారు. మా బడిలో పిల్లలు వారానికో వార్త కత్తిరించి అతికిస్తారు. పక్కన రెండు గడులు: ఇందులో మాట్లాడిందెవరు, మాట్లాడాల్సి ఉండీ లేనిదెవరు. రెండో గడి ముందు నిండుతోంది.