సహకారం: రింగో స్టార్

రేడియోలో విజయవాడ కేంద్రం కచేరి అయిపోగానే పేర్లు చదివేవారు. గాత్రం ఫలానావారు, వయొలిన్ సహకారం ఫలానావారు, మృదంగ సహకారం ఫలానావారు. ఆ పేర్లు వినేదాకా మా పెదనాన్న రేడియో కట్టేయనిచ్చేవారు కాదు. ఊళ్లో రామాలయం భజనకి ఆయనది డోలక్. ‘వాయించినవారు అనలేదు చూడు, సహకారం అన్నారు’ అని నాతో ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు. అప్పట్లో అది రేడియోవాళ్ల మర్యాద అనుకున్నాను.

ఆ మాట నాకు ఒంటబట్టింది చాలా ఏళ్ల తర్వాత, అమెరికా నుంచి వచ్చిన మా పిన్నికొడుకు ఒక సీడీ చేతిలో పెట్టాక. అట్ట మీద రింగో స్టార్ పేరు. బీటిల్స్ డ్రమ్మర్ పాడిన పాటలు కాబోలని పెట్టాను. మొదటి రెండు పాటలూ ఆయనే పాడాడు. మూడో పాటకి గొంతు మారిపోయింది. న్యూ ఆర్లియన్స్ యాసతో, బొంగురుగా, పియానో వాయిస్తూ ఎవరో పాడుతున్నారు. నాలుగో పాటకి మళ్లీ ఇంకో గొంతు. పాడటం ఆపిన రింగో ఎక్కడికి పోయాడా అని వెతుక్కుంటే, వెనకాల డ్రమ్స్ దగ్గర దొరికాడు.

ఆ బృందం పేరు ‘ఆల్ స్టార్ బ్యాండ్’. కచేరీల నిర్వాహకుడు డేవిడ్ ఫిషాఫ్ చేసిన ఆలోచన అది. రింగో అప్పటికి ఏళ్ల తరబడి తాగుడులో మునిగి, 1988లో భార్య బార్బరా బాక్‌తో కలిసి చికిత్స తీసుకుని బయటపడ్డాడు. మరుసటి ఏడాది జులై 23న డాలస్‌లో మొదటి కచేరి. బృందంలోకి వచ్చే ప్రతివాళ్లకీ సొంతంగా పేరు తెచ్చిన పాటలు ఉండాలన్నది నియమం. రింగో ముందుకొచ్చి తనవి కొన్ని పాడతాడు. తర్వాత వెనక్కెళ్లి కూర్చుంటాడు. అక్కణ్ణుంచి ఒక్కొక్కరే తమ పాట అందుకుంటారు, ఆయన వాళ్లకి వాయిస్తాడు. కొన్నేళ్లకోసారి మనుషులు మారతారు. పద్ధతి మాత్రం మారలేదు.

ఈ పద్ధతి 1989లో పుట్టిందని నేననుకోను. బీటిల్స్‌లో చేరకముందు రింగో రోరీ స్టార్మ్ అండ్ ది హరికేన్స్ అనే లివర్‌పూల్ బృందంలో ఉండేవాడు. బట్లిన్స్ సెలవు శిబిరాల్లో వేసవంతా వాయించేవారు. కచేరి మధ్యలో డ్రమ్మర్ పాడటానికి కాసేపు వదిలేవారు. దానికి ‘స్టార్ టైమ్’ అని పేరు కూడా పెట్టారు. వెనకాల కూర్చునే కుర్రాడికి ఆ కాసేపే తనది. అప్పుడు పాడిన ‘బాయ్స్’ అనే పాటని 79 ఏళ్ల వయసులోనూ డ్రమ్స్ వాయిస్తూ పాడాడు. ఒకప్పుడు తనకి దక్కిన ఆ కాసేపటిని పెద్దయ్యాక ప్రతి ఒక్కరికీ పంచిపెట్టాడనే నాకనిపిస్తుంది.

ఆ మొదటి సీడీ 1989 సెప్టెంబరులో లాస్ ఏంజిలిస్ గ్రీక్ థియేటర్‌లో రికార్డయి, 1990లో వచ్చింది. వేదిక మీద జో వాల్ష్, నిల్స్ లాఫ్‌గ్రెన్, డాక్టర్ జాన్, బిల్లీ ప్రెస్టన్, రిక్ డాంకో, లెవాన్ హెల్మ్, శాక్సఫోన్ క్లారెన్స్ క్లెమన్స్, ఇంకో డ్రమ్మర్ జిమ్ కెల్ట్‌నర్. అందులో నాలుగో పాట ‘ది వెయిట్’ దగ్గర నేను ఇప్పటికీ ఆగిపోతాను. 1968లో ‘ది బ్యాండ్’ వాళ్లు చేసిన పాట అది. అసలు రికార్డులో ప్రధానంగా పాడినవాడూ డ్రమ్స్ వాయించినవాడూ ఒక్కడే, లెవాన్ హెల్మ్. ఆయన వేదిక మీదే ఉన్నాడు. పక్కన రింగో, కెల్ట్‌నర్. అంటే ముగ్గురు డ్రమ్మర్లు.

ఇద్దరు డ్రమ్మర్లు కలిసి వాయిస్తే వచ్చే చిక్కు ఏమిటో పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల్లో చేసినవాళ్లకి తెలుసు. స్నేర్ మీద ఇద్దరి దెబ్బా ఒకే క్షణాన పడాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ‘ఠప్’ అనాల్సింది ‘ఠటప్’ అంటుంది. కాలప్రమాణం నిదానంగా ఉన్నకొద్దీ ఆ తేడా ఇంకా బయటపడుతుంది. ‘ది వెయిట్’ నిదానం పాట, దెబ్బకీ దెబ్బకీ మధ్య బోలెడు ఖాళీ. ఆ ఖాళీలో ఏదో ఒకటి దూర్చాలని డ్రమ్మర్ చేతులు ఊరుకోవు. ఇక్కడ ముగ్గురూ ఊరుకున్నారు. పాట మొదటి నుంచి చివరిదాకా ఆ ఖాళీ ఖాళీగానే ఉంది. అది విన్నప్పుడల్లా నాకు గొంతులో ఏదో అడ్డం పడినట్టుంటుంది.

నాకు ఆ ఖాళీ విలువ తెలిసిన రోజు ఒకటుంది. ఇరవయ్యేళ్ల వయసులో ఒక ఆర్కెస్ట్రాలో జాజ్ డ్రమ్స్ వాయించేవాణ్ణి. ఒక పెళ్లిలో, పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే బిట్‌లో నాకు తోచిన దరువులన్నీ వేశాను. చప్పట్లు పడ్డాయి. పాడుతున్న అక్కయ్యకి మాత్రం చరణం ఎక్కడ ఎత్తుకోవాలో అందలేదు. రెండుసార్లు నోరు తెరిచి మూసింది. మూడోసారి ఎత్తుకునేసరికి శ్రుతి జారింది. తర్వాత ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. పెళ్లికి వచ్చిన పెదనాన్న అన్నారు, ‘చరణం ఆవిడదిరా. నువ్వు చోటు ఖాళీ చేసి అప్పగించాలి.’ ఆ అక్కయ్య తెరిచి మూసిన నోరు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

రింగో, కెల్ట్‌నర్‌ల జత 1989 కంటే పాతది. 1971 ఆగస్టు 1న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బంగ్లాదేశ్ కోసం జార్జ్ హారిసన్, రవిశంకర్ కలిసి చేసిన కచేరిలో ఈ ఇద్దరూ పక్కపక్కన వాయించారు. ఆర్గన్ మీద బిల్లీ ప్రెస్టన్ కూడా అక్కడే ఉన్నాడు. అదే వేదిక మీద అంతకుముందు రవిశంకర్ సితార్‌కీ అలీ అక్బర్ ఖాన్ సరోద్‌కీ అల్లారఖా తబలా సహకారం. ఆ రికార్డు పెట్టుకుని తబలా దగ్గర్నుంచి ఆ ఇద్దరి డ్రమ్స్ దాకా ఒక్క బిగిన వింటే, మన రేడియోవాళ్ల మాట అటూ ఇటూ రెండు చోట్లా సరిపోతుంది.

ఇక రింగో చెయ్యి. ఆయనది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు నాయనమ్మ అది కూడదని కుడిచేత్తో రాయడం నేర్పించింది. డ్రమ్స్ మాత్రం కుడిచేతివాళ్లకి అమర్చినట్టే అమర్చుకుని, ఎడమచెయ్యి ముందు పెట్టి వాయిస్తాడు. మామూలు డ్రమ్మర్‌కి స్నేర్ మీద మొదలైన దరువు టామ్‌ల మీదుగా కుడిపక్క ఫ్లోర్ టామ్ దాకా వాగులా జారిపోతుంది. కుడిచెయ్యి దారి చూపిస్తే ఎడమచెయ్యి వెంట వస్తుంది. ఎడమచెయ్యి దారి చూపించాలంటే చేతులు ఒకదానికొకటి అడ్డం వస్తాయి. అందుకే ఆయన దరువు ఆవగింజంత ఆలస్యంగా దిగుతుంది, అనుకోని చోట తిరుగుతుంది. ఆ ఆలస్యమే రింగో సంతకం. కెల్ట్‌నర్ లాంటివాడికి రెండో డ్రమ్స్ దగ్గర అసలు పని ఆ ఆవగింజ ఆలస్యాన్ని దిద్దకుండా దాని పక్కనే నడవడం.

నాదీ పుర్రచెయ్యే. బళ్లో మాస్టారు వేళ్ల కణుపుల మీద బెత్తంతో కొట్టి మాన్పించారు. పెదనాన్న మాత్రం డోలక్‌ని అటుది ఇటు తిప్పి నా ఒళ్లో పెట్టారు, బరువుగా మోగే వైపు కుడిచేతికీ సన్నగా మోగే వైపు ఎడమచేతికీ వచ్చేలా. రింగోకి అలా తిప్పి ఇచ్చినవాళ్లు లేరు. పదమూడో ఏట క్షయతో ఆసుపత్రిలో ఉన్నప్పుడు మంచం పక్కనున్న అలమారని చేతికందిన వాటితో వాయిస్తూ మొదలుపెట్టాడు. ఆ తర్వాత 1957లో, సవతి తండ్రి హ్యారీ గ్రేవ్స్ పాత డ్రమ్స్ కొని రైల్లో వేసుకొచ్చాడు. ఎలా ఉన్నవాటిని అలాగే వాయించాడు.

సోలో వాయించడం ఆయనకి ఎప్పుడూ ఇష్టం లేదు. బీటిల్స్ రికార్డులన్నిట్లో ఆయన సోలో ఒక్కటే, 1969లో ‘ఎబీ రోడ్’ చివర ‘ది ఎండ్’ పాటలో. మన కచేరీల్లో మృదంగానికి తని ఆవర్తనం ఉంది, దాని అందం దానిది. రింగోకి అదీ అక్కర్లేకపోయింది.

తర్వాతి బృందాల్లో నేను ఎక్కువగా తలుచుకునేది 1997 నాటిది. పీటర్ ఫ్రాంప్టన్, గ్యారీ బ్రూకర్. వాళ్లతో పాటు ఫ్రీ, బ్యాడ్ కంపెనీ బృందాల డ్రమ్మర్ సైమన్ కర్క్, క్రీమ్ బృందంలో బేస్ వాయించి పాడిన జాక్ బ్రూస్. అందుకని ‘సన్‌షైన్ ఆఫ్ యువర్ లవ్’, ‘వైట్ రూమ్’ ఈ వేదికకి వచ్చాయి. ఆ పాటల్లో అసలు డ్రమ్స్ జింజర్ బేకర్‌వి. జాజ్ చదువుకున్న మనిషి, చేతుల్లో ఉరుము ఉన్నవాడు. రింగో ఆయనలా వాయించాలని ప్రయత్నించలేదు. పాటకి నిలబడటానికి ఎంత నేల కావాలో అంతే వేశాడు. క్రీమ్ అభిమానులకి ఇది చప్పగా అనిపించవచ్చు. నా మటుకు జాక్ బ్రూస్ గొంతులో ఎంత దిగులుందో ఇక్కడే మొదటిసారి వినపడింది.

గొంతుల విషయంలో ఈ రికార్డులు చేసిన మేలు ఇంకొకటుంది. రాక్ సంగీతంలో బృందం పేరు మనకి గుర్తుంటుంది, పాడినవాడి పేరు పోతుంది. ‘బ్లాక్ మ్యాజిక్ ఉమన్’ అనగానే సాంటానా అంటాం. 1970 రికార్డులో ఆ పాట పాడింది గ్రెగ్ రోలీ. గ్రీక్ థియేటర్‌లో 2019లో చేసిన రికార్డులో రోలీ ఆర్గన్ ముందు కూర్చుని ఆ పాట ఎత్తుకున్నాక నాకు ఆ గొంతుకి ఒక పేరు స్థిరపడింది. అదే రాత్రి టోటో పాటలకి స్టీవ్ లుకాథర్, మెన్ ఎట్ వర్క్ పాటలకి కాలిన్ హే. వెనకాల రింగో, గ్రెగ్ బిసొనెట్.

గ్రీక్ థియేటర్ రికార్డులు నా దగ్గర మూడున్నాయి. 1989, 2008, 2019. మూడూ ఒకే స్థలం, ఆయనకి 49, 68, 79 ఏళ్లు. ‘ఇట్ డోంట్ కమ్ ఈజీ’ దాదాపు ప్రతి ఆల్బమ్‌లోనూ ఉంటుంది. అదే పాట మళ్లీ మళ్లీ ఎందుకని నాతో వాదించినవాళ్లున్నారు. మా రామాలయంలో ధనుర్మాసం ముప్పై రోజులూ అవే కీర్తనలు. ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, ఇవాళ గొంతు ఎవరిది బాగుంది అన్నదే రోజురోజుకీ మారేది. ఈ రికార్డులనీ నేను అలాగే వింటాను.

రాని వాళ్ల లెక్క పెరుగుతోంది. రిక్ డాంకో 1999లో పోయాడు. బిల్లీ ప్రెస్టన్ 2006లో, క్లారెన్స్ క్లెమన్స్ 2011లో, లెవాన్ హెల్మ్ 2012లో, డాక్టర్ జాన్ 2019లో. మొదటి బృందంలో రింగోతో కలిపి తొమ్మిదిమంది, అందులో ఐదుగురు లేరు. 1990 సీడీలో చివరి పాట ‘ఫొటోగ్రాఫ్’. రింగో, జార్జ్ హారిసన్ కలిసి రాసింది, 1973లో వచ్చింది. దూరమైన మనిషిది ఒక్క ఫొటోనే మిగలడం గురించిన పాట. అప్పుడు అది ప్రేమ పాట. 2001 నవంబరులో జార్జ్ పోయాక, సరిగ్గా ఏడాదికి లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో ఆయన స్మృతి కచేరిలో రింగో ఈ పాటే పాడాడు. 2019 రికార్డులో ఇది వచ్చినప్పుడు నేను పాట కంటే డ్రమ్స్‌నే వింటాను. గొంతుకి వయసైపోయింది, కింద దరువు 1989లో ఎక్కడ పడిందో అక్కడే పడుతోంది.

కచేరి ముగింపుకి ‘విత్ ఎ లిటిల్ హెల్ప్ ఫ్రమ్ మై ఫ్రెండ్స్’ వస్తుంది. ఆయన గొంతుతో లోకమంతా ఎరిగిన పాట. బీటిల్స్ రికార్డులో డ్రమ్స్ కూడా ఆయనవే. ఈ కచేరీల్లో మాత్రం ఆ పాటకి రింగో మైకు పట్టుకుని ముందు నిలబడతాడు, డ్రమ్స్ ఇంకెవరో వాయిస్తారు. 2003లో షీలా ఈ. 2019లో బిసొనెట్. నాకు అన్నిటికంటే ఇష్టమైనది 1992 జులైలో స్విట్జర్లాండ్‌లోని మాంట్రూ వేదిక మీద రికార్డయింది. అక్కడ డ్రమ్స్ దగ్గర కూర్చున్నది 26 ఏళ్ల జాక్ స్టార్కీ, ఆయన కొడుకు. జాక్‌కి మొదటి అసలైన డ్రమ్స్ ఇచ్చింది ది హూ బృందం డ్రమ్మర్ కీత్ మూన్. నాలుగేళ్ల తర్వాత జాక్ అదే ది హూలో మూన్ కూర్చున్న చోట కూర్చుంటాడు, ఉరుముల్లాంటి దరువులు వేస్తాడు. ఆ రాత్రి అవేవీ లేవు. తండ్రి ఒక వరస పాడి ఆపుతాడు, మిగతావాళ్లు గొంతు కలుపుతారు. ఆ సందులో కొడుకు దరువేమీ దూర్చకుండా, తండ్రి ఊపిరి తీసుకునేంత చోటు వదిలి, తర్వాతి దెబ్బ వేస్తాడు.