పక్కింటామె గోలీ

బోయినపల్లి దిక్కు మిడ్ మానేరు జలాశయం ముంపు నిర్వాసితుల కాలనీ నుంచి ఒకామె వచ్చింది. బీడీలు చేస్తుంది. కొంగుముడి విప్పి ఖాళీ గోలీల షీటు నా ముందు పెట్టింది. "సారూ, మా పక్కింటామె మనాది దీంతోనే పోయింది. నాకూ ఇదే రాయుండ్రి."

పక్కింటామెకు ఆ మిర్టాజపిన్ రాసింది నేనే. రాత్రంతా కన్ను మూతపడక, నాలుగు ముద్దలు లోపలికి పోక చిక్కి సగమై వచ్చిందామె. ఆ మందు నిద్ర పట్టిస్తుంది, ఆకలి పుట్టిస్తుంది. కనుక కుదిరింది. ఈమె మాత్రం పొద్దంతా పడుకునే ఉంటోంది. ఒళ్లు పెరిగింది, షుగరుంది. ఆ గోలీతో బరువు ఇంకా పెరిగే వీలుంది.

వెంట వచ్చిన అన్నను పక్కకు పిలిచి అడిగాను: నిద్ర లేకున్నా అలసట లేకుండా హుషారుగా తిరిగిన రోజులేమైనా ఉన్నాయా?

"రెండేండ్ల కింద ఉండె సారూ. వారం దినాలు నిద్ర లేదు, మాట ఆగలే. ఉద్దెర మీద పది చీరలు తెచ్చింది."

ఆ మాటతో నా చీటీ మారింది. దిగులూ ఉద్రేకమూ మారిమారి వచ్చేదే బైపోలార్ జబ్బు. అందులో వచ్చిన దిగులుకు డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే మనిషి మళ్లీ ఆ ఉద్రేకంలోకి వెళ్లే ప్రమాదముంది. మూడ్ స్థిరపరిచే మందు మొదలుపెట్టి, థైరాయిడ్ పరీక్షకు పంపాను. అన్న రాకపోయి ఉంటే? ఆ ప్రశ్న నన్నింకా వదలదు. అందుకే ఇంటివాళ్లతో మాట్లాడకుండా చీటీ రాయడానికి ఇప్పుడు చెయ్యి రాదు.

ముందూ వెనకా చూసి రాసినా గురి తప్పవచ్చు. 2006లో వెలువడిన అమెరికా స్టార్-డి అధ్యయనంలో మొదటి మందు సిటాలోప్రామ్‌తో పూర్తిగా తేరుకున్నది దాదాపు మూడో వంతు మందే. మిగిలినవాళ్లకు మందు మార్చారు, ఇంకొకటి జోడించారు, మాటల చికిత్స ఇచ్చారు. మా దగ్గర కష్టమెక్కడంటే, కడుపులో వికారం తొలి వారంలోనే వస్తుంది, గుణం కనబడటానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోపే గోలీలు అటకెక్కుతాయి.

అందరికీ గోలీ అక్కర్లేదు కూడా. గోవాలో డాక్టర్లు కాని కార్యకర్తలు రోగుల్ని రోజువారీ పనుల్లోకి కొద్దికొద్దిగా తిరిగి నడిపించే పద్ధతి మంచి ఫలితమిచ్చిందని 2017లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించింది. దుబాయి నుంచి అప్పుతో తిరిగొచ్చి, గడప దాటని ఒక తమ్ముడికి నేనూ ముందుగా పొద్దున చెరువుకట్ట దాకా నడకే రాశాను. వారం వారం పిలిచి మాట్లాడాను. ఇప్పుడు పొలం పోతున్నాడు.

అక్కలారా, తమ్ముల్లారా, పక్కింటి గోలీ మింగకండి. వచ్చేటప్పుడు పాత చీటీలు తెండి, ఇంట్లో ఒకరిని వెంటబెట్టుకొని రండి. మందు పడకపోతే మానేయకుండా మాకు చెప్పండి. బతుకు మీదే విరక్తి పుడితే ఒక్క రాత్రి కూడా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.